మా పుట్టికి దొరికిన ఎండ

చేపలు పట్టే గుండ్రటి పుట్టిలో ఇద్దరుండాలి. ఒకరు తెడ్డు వేస్తే ఇంకొకరు వల లాగాలి. ఒక్కరే పోతే, వల పట్టుకున్నప్పుడు పుట్టి గిరగిరా తిరుగుతుంది, తెడ్డు పట్టుకున్నప్పుడు వల చేజారుతుంది. మా ఇంట్లో తెడ్డు మా ఆయనది, వల నాది. ఆయన మా అమ్మకు తమ్ముడు. ఆయన నన్ను మే అని పిలుస్తాడు. నేను పెళ్లికి ముందు మామా అని పిలిచాను, పెళ్లయ్యాకా మామా అనే పిలుస్తున్నాను. ఆ పిలుపులో ఎప్పుడు ప్రేమ ఉందో, ఎప్పుడు కోపం ఉందో ఆయనకు బాగా తెలుసు.

మాది గుమ్మఘట్ట దగ్గర పల్లె. పేరుకు చేపల పనివాళ్లమే గానీ, నేను పుట్టి పెరిగిన కాలంలో ఆ పని చేయడానికి నీళ్లు ఉంటే కదా. మా తాత వేసిన వల అటక మీద మూటకట్టి ఉండేది. దాంట్లోంచి ఒక ముక్క కోసి మా అమ్మ కోళ్ల గంపకు కట్టింది, ఇంకో ముక్క మీదికి కాకరపాదు పాకించింది. అందరిలాగే మేమూ వేరుశనగ వేశాం, అందరిలాగే ఆకాశం వైపు చూశాం, అందరిలాగే చేలో బోరు వేశాం.

ఆ బోరు సంగతి కొంచెం చెప్పాలి. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని నీళ్లు చూసే పెద్దాయన ఒకాయన మా చేనంతా తిరిగితే, కాయ నిక్కి నిలబడిన చోట వేశాం. మొదట్లో బాగానే నీళ్లిచ్చింది. ఆ ధైర్యంతో దాని పక్కనే వరసగా సోలార్ ప్లేట్లు పెట్టించుకున్నాం. ఎండ ఉన్నంతసేపు మోటారు నడుస్తుంది, మబ్బు పడితే ఆగుతుంది, కరెంటు ఎప్పుడొస్తుందా అని జాగారం చేసే పని లేదు. తర్వాత నీళ్లు కిందికి దిగిపోయాయి. మా ప్రాంతంలో ఎండకు ఎప్పుడూ లోటు లేదు కాబట్టి ప్లేట్లు మాత్రం తళతళా మెరుస్తూ నిలబడ్డాయి. పైపులు పైకి లాగేసి, మోటారు తీసేసి, బోరు నోటి మీద ఒక బండ పెట్టి మూశాం. మామకు మాత్రం దాని మీద ఆశ చావలేదు. వానలు వెనకబట్టాక ఏటా బండ పక్కకు జరిపి, చిన్న రాయి లోపల వేసి, చెవి ఆనించి వినేవాడు. నీళ్లుంటే ఒక చప్పుడు, లేకుంటే ఒక చప్పుడు. రాతి మీద రాయి పడిన చప్పుడు విన్న రోజు సగం అన్నానికే లేచేవాడు. నోరు ఎక్కువని పేరున్న దాన్ని, ఆ ఒక్కరోజు మాత్రం నోరు కట్టేసుకునేదాన్ని.

అలాంటి మాకు ఒక ఏడు కాలువ నీళ్లు, పైనుంచి వానలు కలిసొచ్చి మా ఊరి దగ్గరి డ్యాము నిండింది. అంత నీళ్లు ఒక్కచోట చూసి మా అమ్మమ్మ చేతులు జోడించి ఏడ్చింది. మేము పొట్టేళ్లు అమ్మి ఫైబరు పుట్టి కొన్నాం. మామకు తెడ్డు వేయడం ఎవరూ నేర్పలేదు, చిన్నప్పుడు వాళ్ల తాత గుంటలో తిప్పుతుంటే చూశాడంతే. తొలిరోజు పుట్టి మధ్యలోకి పోయి రంగులరాట్నంలా తిరిగింది. ఒడ్డున ఉన్నవాళ్లు నవ్వీ నవ్వీ కూలబడ్డారు. నాలుగు రోజులకు ఆయన చేతికి ఆ కిటుకు దొరికింది. వేరుశనగ చేలో ఎప్పుడూ వంగి ఉండే మనిషి, పుట్టిలో నిటారుగా కూర్చొని ఉంటే వయసు తగ్గినట్టు కనిపించాడు. ఆ ఏడాది మా వలల్లో జిలేబీ చేపలు, రోహులు పడ్డాయి. ఇంట్లో చేపల పులుసు వాసనకు పిల్లులు కూడా బలిశాయి. అంత మంచి రోజులు చూపించినందుకు ఆ నీళ్లకు నేను ఇప్పటికీ దండం పెడతాను.

తర్వాత మామ భుజం పోయింది. డ్యాము నిండాక పక్క చేను వాళ్ల బోరులో నీళ్లు పైకొచ్చాయని, చెడిపోయిన మోటారు తీయడానికి పిలిస్తే సాయం పోయాడు. పైపులు పైకెత్తుతుంటే గొలుసు జారి, పైపు కుడి భుజం మీద పడింది. నాటు కట్టు కట్టించాం, ఆసుపత్రికీ పోయాం. ఎముక అతుక్కుంది గానీ చెయ్యి రొమ్ము దాటి పైకి లేవదు. అన్నం తినొచ్చు, బీడీ వెలిగించొచ్చు. తెడ్డు మాత్రం వేయలేడు.

మా తమ్ముడు మంచివాడు. మామ బదులు నేనొస్తా అన్నాడు. మామ కూడా అదే మాట పట్టుకున్నాడు, పుట్టి ఊరికే బోర్లా పడి ఉంటే ఎట్లా, తమ్ముణ్ణి తీసుకొని పో అన్నాడు. సరేనని రెండు రోజులు పోయాను. మామ గట్టు మీద తుమ్మచెట్టు కింద కూర్చొని మమ్మల్ని చూస్తుండేవాడు. మేము తిరిగొచ్చేసరికి చేపలను చూసేవాడు కాదు, తెడ్డును చూసేవాడు. మూడో రోజు ఉదయం, బెంగుళూరులో ఏదో కట్టడం దగ్గర కాపలా పని ఉందంట, పోతానన్నాడు. ఒంటి చేత్తో చేసే పని అదొక్కటే అంట. కరువులో పోని ఊరు, నీళ్లొచ్చాక పోవడమా? ఆ మాటే ఆయనతో అన్నాను, ఇంకా రెండు మూడు మాటలు కూడా కలిపి అన్నాను. అవి ఇక్కడ రాయను.

మామ ఊరు విడవకముందే, పుట్టికి కట్టే చిన్న కరెంటు మోటారు ఉంటుందని మాకు చెప్పింది రాయదుర్గంలో బ్యాటరీల అంగడి ఆయన. పేటలో తరతరాలుగా వ్యాపారం చేసే ఇంటి మనిషి. బళ్లారి నుంచి తెప్పించి ఇస్తానని, పాతదే అయినా గట్టిదని చెప్పాడు. దానికి పెద్ద బ్యాటరీ ఒకటి కావాలి, ఆ బ్యాటరీని ఎలా చార్జి చేసుకుంటారో అది మీరే ఆలోచించుకోవాలన్నాడు. ఇంట్లో కరెంటుకు చార్జరు పెట్టుకోవచ్చు, సోలారు పెట్టుకోవచ్చు, రెండు బ్యాటరీలు పెట్టుకొని మార్చుకోవచ్చు. తన అంగట్లో అన్నీ ఉన్నా ఇదే కొనండి అనలేదు. మోటారు ఏ వేళకు నడుపుతారని మాత్రం అడిగాడు. సందకాడ వలలు వేసేదానికి, పొద్దున్నే తీసేదానికి అని మామ చెప్పాడు. ఇంతలో ట్రాక్టరు వాళ్లెవరో వచ్చారు, ఆ మాట అక్కడికి ఆగిపోయింది. ఆగకుండా ఉంటే మాకు చాలా అవస్థ తప్పేది.

మోటారు వెనక కడితే పుట్టి ఉన్నచోటే తిరిగింది. ఎద్దును బండి వెనక కడితే లాగుతుందా అని మామే దాన్ని ముందు వైపుకు మార్చాడు. అప్పుడు పుట్టి బుద్ధిగా కదిలింది. ఎడమ చేత్తో పిడి పట్టుకుంటే చాలు. ఆ సాయంత్రం మామ ముఖం చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వల సర్దుతున్నట్టు అటు తిరిగి కూర్చున్నాను.

ఇంట్లో చార్జి చేయడం నా సలహా. ఉన్న కరెంటు ఉండగా ఇంకోటి ఎందుకనుకున్నాను. కానీ మా ఊరు డ్యాముకు ఎగువన ఉంది, దారంతా గుంతలు. బ్యాటరీ బరువు చెప్పనక్కర్లేదు, కొత్త పెళ్లికూతురిని మోసినట్టు ఇద్దరం మోయాలి. మోపెడ్ మీద కట్టుకొని పోతే కుదుపుకు యాసిడ్ చింది నా చీర జల్లెడైంది. ఇల్లు చేరాక కరెంటు ఉంటే వోల్టేజి ఉండదు, వోల్టేజి ఉంటే కరెంటు ఉండదు. సగం నిండిన బ్యాటరీతోనే ఒకరోజు పోయాం. నీళ్ల మధ్యలో మోటారు ముక్కి మూలిగి ఆగింది. తెడ్డు నేను తీసుకున్నాను. నాకు తెడ్డు రాదు. మామకు వచ్చు, చెయ్యి లేదు. ఆయన ఎడమకెయ్యి, కుడికెయ్యి అని చెబుతుంటే నేను వేస్తూ, తిడుతూ, తిరుగుతూ ఒడ్డు చేరేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. ఆ రోజు మామ నా చేతులకు ఆముదం రాసి, మళ్లీ బెంగుళూరు మాట ఎత్తాడు.

మరుసటి రోజు ఆయన చేనికి పోయాడు. చాలాసేపటికి రాకపోతే నేనూ పోయాను. బోరు పక్కన నిలబడి ప్లేట్లను చూస్తున్నాడు. దుమ్ము పేరుకొని ఉన్నాయి, తుండుగుడ్డతో ఒక దాన్ని తుడుస్తున్నాడు.

"ఒక ప్లేటు ఇప్పుదామా మే?" అన్నాడు.

ఆ మాట నేను అనకూడదని ఎన్నాళ్లు ఆగానో. ప్లేటు ఇప్పడమంటే ఆ బోరులో ఇక నీళ్లు రావని ఒప్పుకోవడమే. ఆయన దాన్ని ఒప్పుకున్నాడంటే, పుట్టిలో కూర్చోవడానికి అంతగా తపిస్తున్నాడన్నమాట. నేను సరేనన్నాను. అంగడి ఆయనను అడిగితే, ఆ ప్లేట్లన్నీ ఒకదానికొకటి కలిపి ఉంటాయి, మొత్తం కరెంటు తగిలితే మనిషి మిగలడు, తెలిసినవాళ్ల చేత ఒక్కటి విడిగా తీయించుకోండి అన్నాడు. ప్లేటుకూ బ్యాటరీకీ నడుమ పెట్టే చిన్న పెట్టె ఒకటి ఇచ్చాడు. అది లేకుండా కలిపితే బ్యాటరీ ఉడికిపోతుందంట. బోరు నీళ్లు పోయొద్దు, క్యాను నీళ్లు కూడా పోయొద్దు, బ్యాటరీకి వేరే నీళ్లుంటాయని రెండుసార్లు చెప్పాడు. మా ఊరి నీళ్లు తాగితే మనుషుల పళ్లే నిలవవు, బ్యాటరీకి ఎట్లా పోస్తాం అని నేనన్నాను. ఆయన నవ్వి ఒక సీసా ఊరికే ఇచ్చాడు.

మామ ఆ ప్లేటును పుట్టిలో నిలబెట్టాడు. బోరు దగ్గర ఎలా ఉందో అచ్చం అలాగే. కింద ఇనుప కాళ్లు, పైన వాలుగా ప్లేటు, ముఖం దక్షిణానికి. సగం పుట్టి దానికే సరిపోయింది. నేను వలల మూట ఒళ్లో పెట్టుకొని, మోకాళ్లు ముడుచుకొని కూర్చున్నాను. ఎండ బాగా తగలాలని మిట్టమధ్యాహ్నం బయలుదేరాం. ఆషాఢ మాసం. మా వైపు ఆషాఢం గాలి సంగతి తెలిసినవాళ్లకు ఇక చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్లకు చెబితే నమ్మరు.

ఒడ్డు దాటేదాకా బాగానే ఉంది. పుట్టి గుండ్రటిది కదా, దానికి దక్షిణం ఏమి తెలుసు? నీళ్ల మీద కొంచెం తిరిగేసరికి ప్లేటు ముఖం ఉత్తరానికి పోయింది. మామ మళ్లీ తిప్పాడు. ఇంకోసారి తిరిగింది. మూడోసారి గాలి వచ్చి ప్లేటును వెనక నుంచి పట్టుకుంది. అంతే, మోటారు ఒక వైపు లాగుతోంది, ప్లేటు ఇంకో వైపు ఈడుస్తోంది. గెలిచింది ప్లేటే. పుట్టి ఎవరో తరిమినట్టు అవతలి గట్టుకు పోయింది. నేను ఒక చేత్తో ప్లేటు కాలును, ఇంకో చేత్తో మామ చొక్కాను పట్టుకొని, తెలిసిన దేవుళ్లందరినీ పిలిచాను. చివరికి సర్కారు తుమ్మకంపలో పోయి ఇరుక్కున్నాం. అక్కడ గొర్రెలు మేపుకుంటున్న కన్నడాయన దగ్గరికి వచ్చి, కర్ర గడ్డం కింద ఆనించి కాసేపు చూశాడు.

"ఏనక్కా, గాళిపటనా ఇదు?" అన్నాడు.

గాలిపటమేనప్పా అన్నాను. ఆయన నవ్వకుండా కంప నరికి, తాడు విసిరి, మమ్మల్ని ఒడ్డుకు లాగాడు. తన సంగటి మూటలోంచి చెరొక ముద్ద పెట్టాడు. ప్లేటు ఒక మూల కూడా పగలలేదు. ఆ మనిషికి మేము ఆ రోజు సరిగా దండం కూడా పెట్టలేదు, గొర్రెలు చేలోకి పోతున్నాయని పరుగెత్తాడు. తర్వాత ఎన్నోసార్లు ఆయనకు చేపలు ఇచ్చాం, అయినా ఆ ముద్ద రుణం తీరినట్టు నాకు అనిపించదు.

గాలి తగ్గేదాకా అక్కడే కూర్చోవాలి. మామ ప్లేటు నీడలో కూర్చొని నేల చూస్తున్నాడు. ఆ చూపు నాకు తెలుసు, రాయి వేసి విన్న రోజుల చూపు అది. రేపు పొద్దున బెంగుళూరు బస్సు ఎక్కుతాడని నాకు అర్థమైపోయింది. ఆ భయంతోనే ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాను.

"ఈ ప్లేటు పుట్టిలోనే ఎందుకుండాల మామా?"

"మోటారు యాడుంటే ప్లేటు ఆడుండాల కదా. బోరు కాడ అట్లే కదా ఉండాది. ఎండుంటే నడుస్తాది, లేకుంటే నిలుస్తాది."

ఆ మాట నాకూ సబబుగానే అనిపించింది. మేము చూసిన సోలారు అదొక్కటే కదా. ఎండ వచ్చినప్పుడే నీళ్లు, నీళ్లు వచ్చినప్పుడే పారకం. మా మెట్ట బతుకులో ఏదీ రేపటికి దాచుకునేంత రాలేదు. ఆ కన్నడాయన సంగటిలో పెట్టిన మామిడికాయ ఊరగాయ ఇంకా నా నోట్లో కారంగా ఉంది. ఎండాకాలంలో ఎండబెట్టి, కుండలో పెట్టి, ఆషాఢంలో తింటున్నాం. రాయదుర్గం అంగట్లో ఆ పెద్దమనిషి అడిగిన మాట అప్పుడు గుర్తొచ్చింది. మోటారు ఏ వేళకు నడుపుతారు? సందకాడ, పొద్దున్నే. రెండు వేళలా ఎండ ఉండదు. ఎండ ఉన్నప్పుడు మా పుట్టి ఒడ్డునే ఉంటుంది, మేము గట్టు మీది మా కొట్టంలో కునుకు తీస్తుంటాం.

"మామా, బోరుకు బ్యాటరీ లేదు. దీనికి ఉండాది. ప్లేటు గట్టు మీదనే ఉండనీ. పగలంతా ఎండను దీంట్లో పెట్టుకొని, సందకాడ ఎత్తుకొని పోదాం," అన్నాను.

మామ తల ఎత్తి నన్ను చూశాడు, బ్యాటరీని చూశాడు, ప్లేటును చూశాడు. తర్వాత అవతల మేస్తున్న గొర్రెలు బెదిరేలా నవ్వాడు. భుజం నొప్పికి ఎడమ చేత్తో కుడి భుజం పట్టుకొని మరీ నవ్వాడు. సంకలో బిడ్డను పెట్టుకొని సంతంతా వెతికిన మొగుడూ పెళ్లాలం అంటే మేమే. అది చాలా చిన్న సంగతి. పట్నంలో చిన్నపిల్లలు కూడా ఫోను ఇంట్లో చార్జి పెట్టి వీధిలోకి తీసుకుపోతారు, మేమూ పెట్టేవాళ్లమే. అయినా ఆ బోరు మా కళ్లకు అంతగా అడ్డం నిలబడింది.

ఇప్పుడు ప్లేటు గట్టు మీద మా కొట్టం పైన ఉంది. మామకు తృప్తిగా ముఖం దక్షిణానికే పెట్టాం, గాలికి ఎగరకుండా నాలుగు వైపులా తీగలు బిగించాం. కింద నీడలో పెట్టె, దాని పక్కన బ్యాటరీ. ఉదయం చేపలు అమ్ముకొని వచ్చి తీగలు తగిలిస్తే, సాయంత్రం టీ తాగే వేళకు పెట్టె మీద పచ్చలైటు వెలుగుతుంది. మబ్బులు పట్టిన రోజుల్లో ఇంట్లో చార్జరు కూడా అవసరానికి ఉంది. దాన్ని అటక మీద మా తాత వల ఉండిన చోట పెట్టాం.

బ్యాటరీని కొట్టం నుంచి నీళ్ల దాకా మోయడానికి ఒక వెదురు కర్ర ఉంది. బ్యాటరీని మధ్యలో తాడుతో వేలాడగట్టి, ఒక కొన ఆయన ఎడమ భుజం మీద, ఒక కొన నా భుజం మీద పెట్టుకొని దిగుతాం. నేను పొట్టి, ఆయన పొడుగు కాబట్టి బరువంతా నా వైపే జారుతుంది. ఆయన తాడును తన వైపుకు లాక్కుంటాడు, నేను మళ్లీ నా వైపుకు లాగుతాను. రోజూ ఈ పంచాయతీ ఉంటుంది. మా తమ్ముడు సొంత పుట్టి కొనుక్కొని, పోటీకి మా పక్కనే వలలు వేస్తున్నాడు. బెంగుళూరు మాట మళ్లీ మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

మా వైపు అమావాస్యకు బండ్లకు, అంగళ్లకు, మోటార్లకు పూజ చేసి టెంకాయ కొడతారు. ప్లేటు గట్టు మీదికి ఎక్కాక వచ్చిన మొదటి అమావాస్యకు నేను పుట్టికి పసుపు, కుంకుమ పెట్టాను, మోటారుకు నిమ్మకాయ కట్టాను. మామ ఇంకో టెంకాయ తీసుకొని, డ్యాములోంచి ఒక బిందెడు నీళ్లు ముంచుకొని చేను వైపు నడిచాడు. ఎండిన బోరుకు పూజ ఎవరు చేస్తారప్పా అని వెనకాలే పోయాను. బోరు దగ్గర టెంకాయ కొట్టాడు. బండ జరపడానికి ఆయన చెయ్యి రాకపోతే నేను జరిపాను. ఈసారీ రాయి వేస్తాడేమోనని ఆయన చేతుల వైపు చూశాను. రాయి వేయలేదు. బిందె ఎత్తి, ఎడమ చేత్తో నిదానంగా, ఒక్క చుక్క పక్కకు పోకుండా, నీళ్లన్నీ లోపలికి పోశాడు. పోసి, మోకాళ్ల మీద వంగి చెవి ఆనించాడు.

నన్నూ రమ్మని సైగ చేశాడు. నేనూ వంగి ఇంకో పక్క చెవి పెట్టాను. లోపల, ఎంతో లోతున, ఆయన పోసిన నీళ్లు దిగుతున్న చప్పుడు సన్నగా వినిపించింది.

"ఇన్నేండ్లు మనమే దాన్ని అడిగినాం మే. దానికి మనం ఎప్పుడన్నా ఇచ్చినామా?" అన్నాడు.

బండ మళ్లీ జరిపి పెట్టి, మట్టి దులుపుకొని లేచాం. మిగిలిన ప్లేట్ల వెనక పొద్దు వాలుతోంది.

"పద, బ్యాటరీ నిండింటాది," అని ఖాళీ బిందె నా చేతికిచ్చి, మామ డ్యాము వైపు ముందు నడిచాడు.